రోబో కిట్ కొనేముందు రెండో బొమ్మ గురించి అడగండి

డబ్బా మీద "10 ఇన్ 1" అని రాసి ఉందా, "50 ఇన్ 1" అని రాసి ఉందా అన్నది పెద్ద విషయం కాదు. ప్రోగ్రామ్ చేసుకునే రోబో కిట్ ఏది తెచ్చినా మొదటి బొమ్మ పుస్తకం చూసి కట్టేస్తాం. ఏ ముక్క ఎక్కడ పెట్టాలో బొమ్మలేసి మరీ చూపిస్తారు కాబట్టి పెద్దగా బుర్ర పెట్టాల్సిన పని ఉండదు. ఆదివారం టిఫిన్ తర్వాత మొదలుపెడితే భోజనాల వేళకు అది హాల్లో తిరుగుతుంటుంది, ఇంట్లోవాళ్లు వీడియోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతారు.

అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. పుస్తకంలో లేని బొమ్మ ఒకటి సొంతంగా చేయాలనిపించినప్పుడు ఆ కిట్ చేయనిస్తుందా? కావలసిన సెన్సార్ (దూరం, వెలుగు లాంటివి కనిపెట్టే ముక్క) విడిగా దొరుకుతుందా? మోటారు పాడైతే మోటారొక్కటే కొనొచ్చా, కిట్టంతా మళ్లీ కొనాలా? నేను కిట్లను పోల్చేది ఈ ఒక్క కొలతతోనే. ముక్కలెన్ని, లైట్లెన్ని, యాప్ ఎంత అందంగా ఉంది అన్నవి దీని తర్వాతే. ఇక్కడ చెప్పే ధరలు స్థూలంగా అంచనా కోసమే, అమ్మే చోటును బట్టి, డాలరు రేటును బట్టి మారిపోతుంటాయి.

ఆరేడేళ్ల లోపు పిల్లలకు

ఈ వయసుకు స్క్రీన్ లేని బొమ్మే మంచిది. బీ-బాట్ అని తేనెటీగలా ఉండే బొమ్మ ఒకటుంది. వీపు మీద బాణం గుర్తుల బటన్లుంటాయి. ముందుకు, ముందుకు, కుడికి, ముందుకు అని వరసగా నొక్కి మధ్యలో 'గో' నొక్కితే ఆ వరసలోనే నడుస్తుంది. ఒక్కో అడుగు 15 సెంటీమీటర్లు, మలుపు 90 డిగ్రీలు. ఈ లెక్క తెలిస్తే చార్ట్ మీద అదే కొలతతో గళ్లు గీసి, ఒక గడిలో బడి, ఒక గడిలో కుక్క, ఇంకో గడిలో అమ్మమ్మ ఇల్లు వేసి, కుక్కను తప్పించుకుని అమ్మమ్మ ఇంటికి చేర్చమనొచ్చు. చార్ట్ మార్చిన ప్రతిసారీ కొత్త ఆటే కాబట్టి రెండో బొమ్మ సమస్య ఇక్కడ లేదు.

ఇదే పద్ధతిలో నడిచే చవక బొమ్మలూ ఉన్నాయి. కొనేముందు ఒక చదరం గీయించి చూడండి: ముందుకు, కుడికి, నాలుగుసార్లు. బయల్దేరిన చోటికే వచ్చి ఆగిందంటే తీసుకోవచ్చు. మలుపు 80 డిగ్రీలకే ఆగిపోయే బొమ్మతో మాత్రం పిల్ల సరిగ్గా ఆలోచించినా గడి తప్పుతుంది, తప్పు తనదేననుకుంటుంది.

యాప్‌తో మాట్లాడే ముద్దు రోబోలు

కళ్లు ఆర్పుతూ, పేరు పెట్టి పిలుస్తూ, అలుగుతూ ఉండే రోబోలు చూడగానే కొనాలనిపిస్తాయి. 2016లో వచ్చిన కాజ్మో నిజంగా బాగుండేది. తెర మీద ఆదేశాల ముక్కలు పేర్చే స్క్రాచ్ తరహా బ్లాకులతోనూ, టైపు చేసి రాసే పైథాన్ భాషతోనూ ప్రోగ్రామ్ చేసుకోనిచ్చేది. దాన్ని తయారు చేసిన అంకీ అనే అమెరికా కంపెనీ 2019లో మూతపడింది. ఆస్తులు వేరే కంపెనీ చేతికి వెళ్లాయి, కొన్నవాళ్లకు యాప్ ఎప్పటిదాకా పనిచేస్తుందోనన్న టెన్షన్ మిగిలింది. 2024 డిసెంబరులో ఇలాంటిదే మళ్లీ జరిగింది. పిల్లలతో కబుర్లు చెప్పే మాక్సీ రోబో తెలివంతా కంపెనీ సర్వర్లలోనే ఉంది. ఆ ఎంబాడీడ్ కంపెనీ మూసేస్తున్నామని ప్రకటించగానే, దాదాపు 800 డాలర్లు పోసి కొన్న తల్లిదండ్రులు "మాక్సీ ఇక మాట్లాడదు" అని పిల్లలకు ఎలా చెప్పాలో తెలియక తలలు పట్టుకున్నారు. తర్వాత సొంత కంప్యూటర్ మీద నడుపుకొనే ప్రోగ్రామ్ ఒకటి విడుదల చేశారు గానీ, అది అందరికీ చేతనయ్యే పని కాదు.

అందుకే ఈ రకానికి నాదొక పరీక్ష. ఇంట్లో వైఫై ఆపేసి, ఫోన్‌లో డేటా తీసేసి, రోబోకు కొత్త ప్రోగ్రామ్ ఒకటి ఎక్కించి చూడండి. ఎక్కి నడిస్తే అది మీది. నడవకపోతే మీరు దాన్ని అద్దెకు తీసుకున్నట్టే, అద్దె ఎప్పుడు ముగుస్తుందో కంపెనీ చేతిలో ఉంటుంది. పుట్టినరోజు కానుకగా సరదాకు ఇవ్వాలంటే ఇవ్వండి. నేర్చుకోవడానికని మాత్రం కొనకండి.

లెగో: ఖరీదు ఎందుకు?

బళ్లో కంప్యూటర్ క్లాసులో 'ఎఫ్‌డీ 100, ఆర్‌టీ 90' అని కొట్టి తాబేలుతో చదరం గీయించినవాళ్లకు లోగో భాష గుర్తుండే ఉంటుంది. ఆ భాషను రూపొందించినవాళ్లలో ఒకరైన సీమోర్ పాపర్ట్ 1980లో రాసిన పుస్తకం పేరునే లెగో తన రోబో కిట్లకు పెట్టుకుంది: మైండ్‌స్టార్మ్స్. మొదటి కిట్ 1998లో వచ్చింది. తర్వాత 2006లో ఎన్‌ఎక్స్‌టీ, 2013లో ఈవీ3, 2020లో రోబో ఇన్వెంటర్ వచ్చాయి. 2022 చివర్లో ఆ పేరుతో కిట్లు అమ్మడం ఆపేశారు. బళ్ల కోసం తెచ్చిన స్పైక్ ప్రైమ్ అమ్మకాలను కూడా ఆపేయాలని లెగో నిర్ణయించింది.

లెగోలో డబ్బు ఎక్కడికి పోతుందో ఒక్క ఉదాహరణతో చెబుతాను. స్పైక్ ప్రైమ్ మోటారు ఎంత తిరిగిందో డిగ్రీల్లో తనే లెక్కపెట్టుకుంటుంది. చక్రం సరిగ్గా ఒక చుట్టు తిరిగి ఆగాలంటే 360 అని రాస్తే చాలు, ఆగుతుంది. రెండు చక్రాలూ ఒకే వేగంతో వెళ్తున్నాయా లేదా అన్నది లోపలి ప్రోగ్రామే చూసుకుంటుంది. కింద చెప్పబోయే చవక కార్లలో ఇది లేదు; "రెండు సెకన్లు తిరుగు" అనగలం గానీ "ఒక చుట్టు తిరుగు" అనలేం. బ్యాటరీ నిండుగా ఉన్న రోజు ఆ రెండు సెకన్లలో గోడ దాకా పోతుంది, తగ్గిన రోజు సోఫా దగ్గరే ఆగిపోతుంది. పదేళ్ల పిల్ల లెక్క ప్రకారం రాసిన ప్రోగ్రామ్ ఆ లెక్క ప్రకారమే నడవాలంటే లెగో తరహా మోటారు కావాలి.

రెండో బొమ్మ విషయంలో కూడా, యంత్రం వరకూ లెగోను మించింది లేదు. స్క్రూ విప్పే పని లేకుండా అరగంటలో కారును విప్పి క్రేన్ చేయొచ్చు. గేర్లు మార్చి వేగం తగ్గిస్తే బలం ఎలా పెరుగుతుందో చేత్తో పట్టుకుని తెలుసుకోవచ్చు. ఇబ్బంది ఎలక్ట్రానిక్స్ దగ్గర. స్పైక్ ప్రైమ్ హబ్‌కు, అంటే మోటార్లను, సెన్సార్లను నడిపే డబ్బాకు, ఆరు పోర్టులున్నాయి, వాటిలో పట్టేది వాళ్ల ప్లగ్గే. మొక్కకు నీళ్లు పోసే రోబో చేద్దామని యాభై రూపాయల తేమ సెన్సార్ తెచ్చి పెడదామంటే కుదరదు. పైగా కిట్ ధర మన దగ్గర 30 వేలు సులువుగా దాటుతుంది.

ఫస్ట్ లెగో లీగ్ లాంటి పిల్లల రోబో పోటీలకు వెళ్లే జట్టులో పిల్లలుంటే ఈ చర్చే అక్కర్లేదు, అక్కడ లెగో తప్పనిసరి. అలాంటప్పుడు జట్టు దగ్గర ఏ హబ్ ఉందో అడిగి దానికి సరిపోయేదే తీసుకోండి.

సెకండ్ హ్యాండ్ ఈవీ3 చవగ్గా దొరికితే, అమెరికా నుంచి అన్నయ్యో పిన్నిగారబ్బాయో తెస్తానంటే, వద్దనకండి. కాకపోతే అందులో రెండు రకాలున్నాయి. ఇంటికి అమ్మిన దాంట్లో ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్, చిన్న రిమోట్ ఉంటాయి. బళ్లకు అమ్మిన దాంట్లో అల్ట్రాసోనిక్ (శబ్దంతో దూరం కొలిచేది), గైరో (ఎంత మలుపు తిరిగిందో చెప్పేది) సెన్సార్లు, ఛార్జింగ్ బ్యాటరీ ఉంటాయి. నేర్చుకోవడానికి రెండోదే మేలు. ఏళ్ల తరబడి బీరువాలో పడున్న ఛార్జింగ్ బ్యాటరీ ఉబ్బిపోయి ఉండొచ్చు, ఫొటో పెట్టమనండి. అది పోయినా ఫర్వాలేదు, ఈవీ3 ఆరు మామూలు పెన్సిల్ సెల్లతో కూడా నడుస్తుంది. కంపెనీ పక్కకు తప్పుకున్నా పైబ్రిక్స్ లాంటి ఓపెన్ సోర్స్ (అందరికీ తెరిచిపెట్టిన) ప్రాజెక్టులు లెగో హబ్‌లను పైథాన్‌తో నడిపిస్తున్నాయి. పాత లెగోకు ఇంకా గిరాకీ ఉండటానికి అదీ ఒక కారణమే.

ఎంబాట్: మధ్యే మార్గం

మేక్‌బ్లాక్ వాళ్ల ఎంబాట్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, చెడ్డగా చెప్పాల్సింది అసలే లేదు. అల్యూమినియం చట్రం, రెండు మోటార్లు, దూరం చూసే సెన్సార్, గీత వెంట నడిచే సెన్సార్, టెలిఫోన్ ప్లగ్‌లా టక్కున పట్టే తీగలు. పది వేలు అటూ ఇటూ. స్క్రాచ్ ఆధారంగా చేసిన ఎంబ్లాక్‌లో ప్రోగ్రామ్ రాస్తారు. పాత ఎంబాట్ లోపలి బోర్డు ఆర్డుయినో ఉనో (విడి సామాన్లతో రోబోలు చేసేవాళ్లు వాడే బోర్డు, దాని సంగతి కింద చెబుతాను) రకమే కాబట్టి, బ్లాకులు బోరు కొట్టాక ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌తోనే సీ భాషలో రాసుకోవచ్చు. ఎంబాట్2 వేరే బోర్డుతో వస్తుంది, అందులో పైథాన్ ఉంది. తీగలతో కుస్తీ పట్టే ఓపిక లేని తల్లిదండ్రులకు, డబ్బుకు ఇబ్బంది లేకపోతే, ఇది సరిపోతుంది.

మన దేశంలో తయారయ్యే కిట్లు కూడా చాలా వచ్చాయి. అహ్మదాబాద్ కంపెనీ స్టెమ్‌పీడియా చేసే క్వార్కీ, దానితో వాడే పిక్టోబ్లాక్స్ వాటిలో ఒకటి. వీటికీ అవే ప్రశ్నలు వేయండి: విడి మోటారు ఎంత, బయటి సెన్సార్ పడుతుందా, లాగిన్ లేకుండా నడుస్తుందా. కోర్సుతో కలిపి "కిట్ ఉచితం" అని అంటగట్టే చోట కిట్ ధర ఎంతో విడిగా చెప్పమనండి. డబ్బా తెరిస్తే ఒక ఉనో క్లోన్ (ఉనో డిజైనుతో వేరేవాళ్లు చేసిన బోర్డు), రెండు పసుపు మోటార్లు, ఒక సెన్సార్ కనిపిస్తే, అవి బయట ఎంతకు వస్తాయో ఇంకాస్త కింద చూడండి.

మైక్రోబిట్: నా ఓటు దీనికే

ఐదో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లలున్న ఇంటికి నేను ముందు చెప్పే పేరు ఇదే. 2016లో బ్రిటన్‌లో బీబీసీ వాళ్లు ఏడో ఏడాది చదివే పిల్లలందరికీ ఉచితంగా పంచిన చిన్న బోర్డు. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. ముందు వైపు 25 చిన్న ఎర్ర లైట్లు, రెండు బటన్లు. లోపల వంపు, కుదుపు కనిపెట్టే సెన్సార్, దిక్సూచి, ఉష్ణోగ్రత సెన్సార్. 2020లో వచ్చిన రెండో వెర్షన్‌లో స్పీకరు, మైకు చేరాయి, పైనున్న లోగో కూడా తాకితే పనిచేసే బటన్ అయింది. కొంటే రెండో వెర్షనే కొనండి. వెనకవైపు స్పీకరు లేకపోతే అది పాతది.

బోర్డొక్కటే రెండు వేలకు అటూ ఇటూ వస్తుంది. అది రోబో కాదు. రోబో కావాలంటే డీఎఫ్‌రోబో వాళ్ల మాక్వీన్ లాంటి చక్రాల బండి విడిగా కొని దాని వీపున ఈ బోర్డు గుచ్చాలి. ఈ విడదీయడమే నాకు నచ్చింది. బండి మీద బోరు కొడితే బోర్డు ఊడదీసి గడియారం చేయొచ్చు, అడుగులు లెక్కపెట్టే పట్టీ చేయొచ్చు, తలుపు తీస్తే అరిచే దొంగల అలారం చేయొచ్చు. రెండోది, మూడోది, పదోది అన్నీ అదే బోర్డుతో.

అసలు మజా రెండు బోర్డులుంటేనే. మైక్రోబిట్లు తమలో తాము రేడియోతో మాట్లాడుకుంటాయి, ఫోన్ అక్కర్లేదు, బ్లూటూత్ జత చేసే తంటా లేదు. ఒకటి బండి మీద, ఇంకొకటి చేతిలో. చేతిలోది ముందుకు వంచితే బండి ముందుకు, పక్కకు వంచితే పక్కకు. బ్లాకులతో రాస్తే పది పదిహేను బ్లాకుల పని. రెండింటికీ ఒకే రేడియో గ్రూపు నంబరు ఇవ్వాలి, 0 నుంచి 255 లోపు ఏదైనా. క్లాసులో పది మంది ఒకేసారి చేస్తూ అందరూ పుస్తకంలో ఉన్న 1 నంబరే వేస్తే, ఒకరు చెయ్యి వంచగానే గదిలో బళ్లన్నీ కదులుతాయి. పిల్లలు పడీ పడీ నవ్వుతారు, ఛానెల్ అంటే ఏంటో అందరికీ ఒక్క నిమిషంలో అర్థమైపోతుంది.

ప్రోగ్రామ్ రాసేది బ్రౌజర్‌లో, మేక్‌కోడ్ అనే చోట. బ్లాకులు పేరుస్తుంటే పక్కన బొమ్మ బోర్డు అలాగే పనిచేసి చూపిస్తుంది. అంటే రూపాయి ఖర్చు లేకుండా, బోర్డు కొనకముందే, పిల్లలకు ఆసక్తి ఉందో లేదో తెలుసుకోవచ్చు. పూర్తయిన ప్రోగ్రామ్‌ను యూఎస్‌బీ తీగతో పెన్‌డ్రైవ్‌లోకి ఫైలు కాపీ చేసినట్టు బోర్డులోకి వేయడమే. తర్వాత అదే బోర్డు మీద పైథాన్.

లోపాలు లేవని కాదు. బోర్డు 3 వోల్టులది, మోటారును నేరుగా నడపలేదు. అడుగున ఉన్న పట్టీకి ఒక్కో తీగ తగిలించడం చిరాకు, పెద్ద రంధ్రాలు ఐదే. బ్రెడ్‌బోర్డ్ (తీగలు గుచ్చి కలిపే రంధ్రాల పలక) మీద పని చేయాలంటే విడిగా ఇంకో అడాప్టర్ కొనాలి. ఎలక్ట్రానిక్స్ లోతుల్లోకి వెళ్లాలనుకునే వయసుకు ఇది కొంచెం చిన్నబోతుంది. అప్పుడు కింద చెప్పేదానికి రావాలి.

విడి సామాన్లతో ఆర్డుయినో కారు

హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో నడుస్తూ "రోబో కార్ సామాన్" అంటే షాపువాళ్లు వాళ్లంతట వాళ్లే కౌంటరు మీద పెట్టేస్తారు: ఉనో బోర్డు, రెండు పసుపు మోటార్లు, చక్రాలు, అడుగు రేకు, మోటారు డ్రైవరు (బోర్డు చెప్పినట్టు మోటార్లకు కరెంటు పంపేది), దూరం చూసే సెన్సార్, జంపర్ వైర్ల కట్ట. గుజరాతీ గల్లీ అందుబాటులో లేని ఊళ్లకు ఇవన్నీ ఆన్‌లైన్‌లో వస్తాయి. క్లోన్ బోర్డుతో అయితే మొత్తం రెండు వేల లోపే ముగించొచ్చు. క్లోన్ అంటే దొంగ సరుకు అనుకోనక్కర్లేదు. 2005లో ఇటలీలో ఇవ్రియా పట్టణంలో ఆర్డుయినో మొదలుపెట్టినవాళ్లు బోర్డు డిజైనును అందరికీ తెరిచే ఇచ్చారు. అదే డిజైనుతో ఎవరైనా బోర్డు చేసుకోవచ్చు, వాళ్ల పేరు మాత్రం వేసుకోకూడదు. క్లోన్‌లో యూఎస్‌బీ చిప్ చాలాసార్లు సీహెచ్340 అయి ఉంటుంది, కంప్యూటర్ గుర్తించకపోతే దాని డ్రైవర్ ఎక్కించుకోవాలి. కొత్త ఉనో ఆర్4 బోర్డు 2023లో వచ్చింది, మంచిదే. కానీ దొరికే పాఠాల్లో ఎక్కువ భాగం పాత ఆర్3 మీద ఉన్నవే కాబట్టి మొదటి కారుకు అదే చాలు.

ఇందులో రెండో బొమ్మకు హద్దు లేదు. ఏ సెన్సారైనా తగిలించొచ్చు, ఏది పోయినా అదొక్కటే మార్చుకోవచ్చు. మరి అందరికీ ఇదే కొనమని ఎందుకు చెప్పను? మొదటి బొమ్మే ఏడిపిస్తుంది కాబట్టి. ఎక్కడెక్కడ ఏడిపిస్తుందో వివరంగా చెబుతాను, ఇవి చదివి భయం వేయకపోతే ఈ దారి మీదే.

మొదట మోటారు. పసుపు మోటారు పక్కన రెండు పల్చటి రాగి రేకులుంటాయి, వాటికి తీగ సోల్డర్ చేయాలి. తీగ కొంచెం లాగితే రేకు ఊడొస్తుంది. సోల్డరింగ్ అయ్యాక తీగను మోటారు ఒంటికి టేపుతోనో గ్లూ గన్‌తోనో అంటించేస్తే ఆ బాధ తప్పుతుంది. తర్వాత, ఒకే షాపులో ఒకే రోజు కొన్న రెండు మోటార్లు కూడా ఒకే వేగంతో తిరగవు. తిన్నగా వెళ్లమంటే కారు మెల్లగా ఒక పక్కకు ఒరుగుతుంది. ప్రోగ్రామ్‌లో వేగంగా తిరిగే మోటారుకు 255 (అంటే పూర్తి వేగం) బదులు 240, 235 ఇస్తూ దారికి తెచ్చుకోవాలి.

అందరినీ కూలదోసేది బ్యాటరీ. చాలా కిట్లలో 9 వోల్టుల చిన్న చదరపు బ్యాటరీ ఇస్తారు. నీళ్ల ట్యాంకు ఎత్తులోనే ఉంది గానీ పైపు మరీ సన్నం అన్నమాట. మోటార్లు లాగే కరెంటు అది ఇవ్వలేదు. కారు బయల్దేరగానే వోల్టేజీ పడిపోతుంది, బోర్డు రీసెట్ అవుతుంది, కారు ఆగుతుంది, ఆగగానే వోల్టేజీ లేస్తుంది, మళ్లీ బయల్దేరుతుంది. చూసేవాళ్లకు కారు ఎక్కిళ్లు పెడుతున్నట్టుంటుంది. ప్రోగ్రామ్‌లో తప్పుందని రాత్రంతా వెతుకుతాం, తప్పు అక్కడ ఉండదు. ఎల్298ఎన్ అనే ఎర్ర మోటారు డ్రైవరు తనకంటూ దాదాపు 2 వోల్టులు మింగేస్తుంది. నాలుగు సెల్లు పెట్టి 6 వోల్టులు ఇస్తే మోటారుకు అందేది నాలుగే. అందుకే ఎల్298ఎన్ బదులు టీబీ6612 గానీ డీఆర్‌వీ8833 గానీ అడగండి. అవి చిన్నవి, దాదాపు ఏమీ మింగవు.

18650 లిథియం సెల్లు రెండు వేస్తే బలం బాగా వస్తుంది, ఒక్కోటి 3.7 వోల్టులు, నిండా ఛార్జ్ అయితే 4.2. కానీ పిల్లల చేతికి ఇవి ఊరికే ఇవ్వకండి. తీగలు ఒకదానికొకటి తగిలితే క్షణంలో కాలతాయి, నిప్పు కూడా అంటుకోవచ్చు. మంచి ఛార్జర్, స్విచ్ ఉన్న హోల్డరు తప్పనిసరి. సెల్లు మీద 9900 ఎంఏహెచ్ అని ఉంటే అది అబద్ధమని అక్కడికక్కడే తెలుసుకోవచ్చు. ఈ సైజులో నిజమైన మంచి సెల్లుకు 3500 ఆ ప్రాంతంలోనే ఉంటుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఛార్జింగ్ పెన్సిల్ సెల్లు ఆరు వేయడం మేలు.

సెన్సార్లదీ ఇదే వరస. హెచ్‌సీ-ఎస్ఆర్04 అనే రెండు కళ్ల సెన్సార్ మనకు వినపడని శబ్దం పంపి, అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని కొలుస్తుంది. మైక్రోసెకన్లలో వచ్చిన సంఖ్యను 58తో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో వస్తుంది. గట్టి గోడను బాగా పసిగడుతుంది. పరుపు, కర్టెన్, చీర కుచ్చిళ్లు దానికి సరిగా కనిపించవు, మెత్తటి బట్ట శబ్దాన్ని మింగేస్తుంది. ఏటవాలుగా ఉన్న గోడ నుంచి శబ్దం పక్కకు పోతుంది కాబట్టి కారు వెళ్లి దానికి గుద్దుకుంటుంది. గీత వెంట నడిచే కారుకైతే తెల్ల చార్ట్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు అతికించి దారి వేయండి. సెన్సార్ మీదున్న చిన్న నీలం స్క్రూ తిప్పుతూ, తెలుపు మీద లైటు వెలిగి నలుపు మీద ఆరే దాకా సరిచేయాలి. రాత్రి గదిలో సరిచేసింది మర్నాడు ఎండ పడే కిటికీ పక్కన పనిచేయదు, ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది మరి. మెరిసే గ్రానైట్ నేల మీద నేరుగా టేపు వేసి ప్రయత్నించకండి, ఆ మెరుపే దాన్ని గజిబిజి చేస్తుంది.

ఇంకొకటి, ఇది రాసి గోడకు అతికించుకున్నా తప్పులేదు: బోర్డు గ్రౌండు (మైనస్ వైపు), మోటారు డ్రైవరు గ్రౌండు, బ్యాటరీ గ్రౌండు మూడూ కలిసి ఉండాలి. కలవకపోతే అన్నీ సరిగ్గా ఉన్నా ఏదీ పనిచేయదు.

ఉనోనా, ఈఎస్‌పీ32నా?

కారును ఫోన్‌తో నడపాలని మొదటి రోజు నుంచే అనుకుంటుంటే ఈఎస్‌పీ32 అనే బోర్డు తీసుకోండి. వైఫై, బ్లూటూత్ బోర్డులోనే ఉంటాయి, ధర ఉనో క్లోన్‌కు దగ్గర్లోనే. వేగంలో రెండింటికీ పోలికే లేదు, ఉనో 16 మెగాహెర్ట్జ్, ఇది 240. కాకపోతే ఉనో 5 వోల్టుల మనిషి, మొరటుదనం తట్టుకుంటుంది. ఈఎస్‌పీ32 3.3 వోల్టులది. పైన చెప్పిన రెండు కళ్ల సెన్సార్ 5 వోల్టుల సిగ్నల్ పంపుతుంది, మధ్యలో రెండు రెసిస్టర్లు పెట్టి తగ్గించకపోతే ఆ పిన్ను పోవచ్చు. మొదటి బోర్డు ఉనో, రెండో బోర్డు ఈఎస్‌పీ32 అన్న వరస ఇంటర్, ఇంజినీరింగ్ పిల్లలకు బాగా కుదురుతుంది. పైథాన్ వచ్చినవాళ్లకు 2021లో 4 డాలర్లకే వచ్చిన రాస్‌ప్‌బెర్రీ పై పికో బోర్డు కూడా మంచిదే.

ఎవరికి ఏది

ముందు ఖర్చు లేకుండా ఒక వారం గడపండి. మైక్రోబిట్‌కు మేక్‌కోడ్, ఆర్డుయినోకు టింకర్‌క్యాడ్, ఈఎస్‌పీ32కు వోక్వీ, మూడూ బ్రౌజర్‌లోనే నడుస్తాయి. తెర మీద లైటు వెలిగించి ఊరుకున్న పిల్లకూ, "ఇది మూడుసార్లు వెలిగి ఆగాలంటే ఎలా?" అని అడిగిన పిల్లకూ తేడా అక్కడే తెలుస్తుంది. బళ్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే అడగండి. ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లల కోసం నీతి ఆయోగ్ కింద బడికి 20 లక్షల దాకా ఇచ్చి పెట్టించినవి అవి. ఆర్డుయినో బోర్డులు, సెన్సార్లు సాధారణంగా ఉంటాయి. అక్కడ చేతికి అలవాటైనదే ఇంటికి కొనడం తేలిక.

పక్కన కూర్చుని తీగలు సరిచేసే పెద్దవాళ్లు ఇంట్లో లేకపోతే ఆర్డుయినో విడి సామాన్లు వద్దు. మైక్రోబిట్, బండి తీసుకోండి. ఇద్దరు ముగ్గురు పిల్లలు వరసగా వాడేలా ఉండి, డబ్బుకు వెనకాడకపోతే లెగో. చిన్నవాడి చేతికి వచ్చేసరికి కూడా ముక్కలు కొత్తవాటిలానే ఉంటాయి, తర్వాత అమ్మినా ధర పలుకుతుంది. ఉద్యోగం చేస్తూ శనాదివారాలు సరదాకు చేద్దామనుకునే పెద్దవాళ్లు ఎంబాట్ దాకా కూడా ఆలోచించకండి, నేరుగా విడి సామాన్లకు వెళ్లండి. బాగా రాని చోటే మీకు నేర్చుకోవడం ఉంటుంది, ఏడిస్తే మీరే ఏడుస్తారు. విదేశాల నుంచి ఎవరైనా తెస్తుంటే విడి లిథియం సెల్లు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టొద్దని చెప్పండి, అవి చేతి సంచిలోనే రావాలి. సెల్లు ఇక్కడే కొంటే ఆ గొడవే ఉండదు.

ఏది కొన్నా దానితో పాటు ఒక చిన్న మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచేది), ఒక స్టార్ స్క్రూడ్రైవర్, డేటా పోయే యూఎస్‌బీ తీగ కొనండి. ఇంట్లో ఉన్న ఫోన్ తీగల్లో సగం ఛార్జింగ్‌కే పనికొస్తాయి, బోర్డు పాడైందని తిరిగి పంపేవాళ్లలో కొందరిది ఆ తీగ బాపతే. డబ్బా వచ్చిన రోజే కారు మొత్తం కట్టకండి. మొదట బోర్డు మీద లైటు వెలిగించండి, తర్వాత ఒక్క మోటారు తిప్పండి, తర్వాత రెండోది, ఆ తర్వాతే సెన్సార్. తిరిగి ఇచ్చే గడువు లోపల ఈ నాలుగూ అయిపోవాలి. విడి సామాన్లు తీసుకునేవాళ్లు మోటార్లు మాత్రం రెండు జతలు తీసుకోండి, మొదటి జతలో ఒక దాని రేకు ఎలాగూ ఊడుతుంది.